పుష్పవల్లి చూసిన ఇళ్ళు

పుష్పవల్లికి చీరల పిచ్చి అని మా స్టోర్‌లో అందరూ అనేవాళ్ళు. అది శుద్ధ తప్పు. చీరల మీద ఆమెకు ఏ ఆశా లేదు. పెట్టెలో ఉన్నవి మొత్తం తొమ్మిది. అందులో రెండు పెళ్ళినాటివి, మూడు పుట్టింటివాళ్ళు పెట్టినవి. చీరల పిచ్చి ఉన్న మనిషయితే చీరలు కొనేది. ఈమె కొనదు. ఆరేళ్ళు పక్కన ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను, ఈమె పిచ్చి వేరు.

స్టోర్ అంటే కొట్టు అనుకునేరు. మా పట్నంలో ఒకే కప్పు కింద నాలుగైదు కాపురాలుండే ఇంటిని అట్లా అంటారు. పెరంబూరులో మా ఓనరు యతిరాజులు ఒక పొడుగాటి పెంకుటింటికి అడ్డగోడలు కట్టి ఆరు వాటాలు చేశాడు. ఒకటే నడవ, ఒకటే కొళాయి. ఒక వాటాలో ఎండుమిరపకాయలు వేగితే ఆరు వాటాల్లోనూ తుమ్ములే. నాది మొదటి వాటా. లోపలికి వచ్చేవాళ్ళూ బయటికి పోయేవాళ్ళూ నా గడప దాటకుండా పోలేరు. ఎవరు యాడికి పోతున్నారో అడగకుండా నేనూ ఉండలేను.

పుష్పవల్లిది మూడో వాటా. మొగుడు మునిరాజుకు రైల్వే కార్ఖానాలో రైలుపెట్టెలకు రంగులేసే పని. పొద్దున సైరన్‌కు పోతే సాయంత్రం సైరన్‌కే ఇంటికి. ఒక్క కూతురు, పెళ్ళయి అరక్కోణంలో ఉంది. అంచేత పుష్పవల్లికి పదకొండు గంటలకల్లా వంటా గింటా అయిపోయి, మధ్యాహ్నమంతా చేతిలో మిగిలేది. బుధవారం వచ్చిందంటే తలకింత పూలు పెట్టుకొని, రైలెక్కి సెంట్రల్లో దిగి, ట్రాములో చైనాబజారుకు పోయేది. చాలాసార్లు నన్నూ రమ్మనేది. నేనూ పోయేదాన్ని. నాకు మనుషుల్ని చూడడం ఇష్టం.

ఆమె పోయే బట్టల అంగట్లో ఆనందన్ అని ఒక గుమాస్తా ఉండేవాడు. అరవం మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద పుష్పవల్లి మహారాణిలాగా కూర్చుంటుంది. "ఆ పచ్చది తియ్యి. అది కాదు, దాని కింద ఉండేది. అంచు చూపించు. ఆ పక్క మామిడిపిందెలది." ఇరవై చీరలు విప్పించేది. ఆఖరికి ఒకటి ఒళ్ళో వేసుకొని ధర అడుగుతుంది. ముప్పై రెండు అంటాడు. ఈమె పద్దెనిమిది అంటుంది. వాడు నెత్తి కొట్టుకుంటాడు. ఈమె చీర పక్కన పెట్టి, కొంగు సర్దుకొని, లేచి, చెప్పులేసుకొని మెట్లు దిగుతుంది. మొత్తం మూడు మెట్లు. రెండో మెట్టు మీద కాలు పెట్టేసరికి వెనకనుంచి కేక వచ్చేది.

"అమ్మా! రాంగమ్మా! కోవంగా పోవద్దు. సరే, మీ మాటే కానీండి!"

అదీ ఆమెకు కావలసింది. ఆ పిలుపు. వెనక్కి తిరిగి, మళ్ళీ వచ్చి, చీరను వేలితో ఒకసారి తడిమి, "అంచు పలచగా ఉండాది. వొచ్చే నెల చూద్దాం" అని చెప్పి బయటపడేది. రైల్లో పెరంబూరు దాకా అదే మాట.

"పిలిచినాడు చూసినావా అక్కా? ఈసారి మెట్టు దిగనే లేదు, పిలిచేసినాడు."

"చూసినా లేవే. వాడు ఆ ఇరవై చీరలూ మడిచేది కూడా చూసినా."

"అది వాడి పని గదా!"

వాడికి తెలియదా ఈమె కొనదని? తెలుసు. కానీ పోయేవాళ్ళను పిలవడం వాడి జీతంలో భాగం. మునిరాజు అయితే నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. "మా ఇంటిది బజారంతా తిరిగినా ఒక్క అణా ఖర్చుపెట్టదు!" ఇలాంటి మొగుళ్ళు ఉండబట్టే ఇలాంటి ఆడవాళ్ళు ఇలా తయారవుతారు.

యాభై మూడో సంవత్సరం వేసవిలో ఈ వైభోగానికి దెబ్బ తగిలింది. ఆ ఏడే ట్రాములు ఆగిపోయాయి. పోతే పోయాయి, బస్సులో పోయాం. అంగట్లోకి అడుగు పెడితే గోడమీద పెద్ద బోర్డు. అరవంలో, తెలుగులో, ఇంగిలీషులో, ఒకే ధర, బేరం లేదు అని. ముసలి యజమాని పోయాడట. కాలేజీ చదివిన కొడుకు గల్లాలో కూర్చున్నాడు. ప్రతి చీరకూ దారంతో ఒక చీటీ, చీటీ మీద ధర.

పుష్పవల్లి బోర్డు చదవనట్టే కూర్చుంది. చీరలు విప్పించింది. చీటీలో ఇరవై ఆరు అని ఉన్నదాన్ని పదిహేను అంది. ఆనందన్ చీటీ వైపు వేలు చూపించాడు. ఆమె లేచింది. కొంగు సర్దుకుంది. ఒక మెట్టు. రెండో మెట్టు. మూడో మెట్టు మీద నిలబడి చెప్పు సరిచేసుకుంది. నిజానికి చెప్పుకు ఏమీ కాలేదు. లోపల ఆనందన్ తలవంచుకొని చీర మడుస్తున్నాడు. ఈమె రోడ్డు మీదికి దిగి, పక్కంగడి దాకా నడిచి, అక్కడ ఆగింది. ఎవరూ పిలవలేదు. నేను లోపలికి పోయి వాడినే అడిగాను.

"ఏమప్పా, ఆయమ్మను పిలవవా?"

"పిలవకూడదక్కా. గల్లాలో ఉండే చిన్న మొదలాళి ఆర్డరు. నాకూ పిలవాలనే ఉంది, ఏం చేసేది?"

మరో రెండు బుధవారాలు వేరే అంగళ్ళకు పోయి చూసింది. కొన్నింట్లో ఇంకా బేరం ఉంది గానీ, ఈమెకు పస తగ్గిపోయింది. పిలుస్తారో పిలవరో అనే బెదురు పట్టుకున్నాక దిగే మెట్టు బరువయిపోతుంది మరి. చైనాబజారు మానేసింది.

మానేసి ఏం చేసిందీ? మధ్యాహ్నం సినిమాకు పోయింది. టికెట్టు కొన్నాక లోపల బేరమేముంది, నిద్రపోయింది. పార్కులో రేడియో వింటానంది. అక్కడ మగవాళ్ళు వార్తల మీద కొట్టుకుంటుంటే లేచి వచ్చింది. ఆడవాళ్ళ సంఘంలో కుట్టుపని నేర్పుతారంటే చేరింది. ఆరేళ్ళు బట్టలు నలిపిన మనిషికి సూదిలో దారం ఎక్కించే ఓపిక లేకపోయింది. ఆఖరికి మా వీధికి గంపతో వచ్చే పొన్నుతాయి మీద పడింది. రెండు మునగకాడలకు అరగంట బేరం. మూడోనాడు పొన్నుతాయి గంప దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమ్మా, నాకు పది వీధులు ఉండాయి. నీకు ఒక మధ్యాన్నమే ఉండాది. దాన్ని నా నెత్తిన పెట్టబాక!"

స్టోరంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోకుండా పుష్పవల్లికి మరోదారి దొరికినప్పుడు ఆమె వెంట నేనే పోయాను. అది ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం విడిపోయి రాజధాని కర్నూలుకు పోయింది. మన పట్నంలో సర్కారు ఆఫీసుల్లో ఉన్న తెలుగు గుమాస్తాలు మూటలు కట్టుకొని బయల్దేరారు. వాళ్ళు ఖాళీచేసిన ఇళ్ళ ముందు టూలెట్ బోర్డులు వేలాడాయి. ఒకరోజు ఎండలో నడుస్తూ పుష్పవల్లి అట్లాంటి ఒక ఇంట్లో మంచినీళ్ళు అడిగింది. ఆ ఇంటామె ఈమెను అద్దెకు వచ్చిన మనిషి అనుకొని ఇల్లంతా తిప్పి చూపించి, కాఫీ ఇచ్చి, అద్దె చెప్పింది. ఈమె సగానికి అడిగి, లేచి, గేటు దాకా వచ్చింది. వెనకనుంచి పిలుపు!

ఇంకేం కావాలి. ఆ బుధవారం నుంచి ఇళ్ళు చూడడమే పని. గోడలు తట్టి చూసేది. కొళాయి తిప్పి నీళ్ళు నోట్లో పోసుకొని ఉప్పన అనేది. వంటింట్లో పొగ పోయే కంత లేదనేది, అటక చిన్నదనేది. ఇంటివాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? "ఎంతమంది? నీసు తింటారా? చుట్టాలు ఎక్కువా? రాత్రి ఎన్ని గంటలకు దీపం ఆర్పుతారు?" అని పోలీసు స్టేషనులాగా ప్రశ్నలు. కానీ ఈమె "మా ఆయన రైల్వే" అనగానే వాళ్ళ మొహాలు విప్పారేవి. నెల నెలా జీతం, కాపురం చూస్తే ఇద్దరే. తలుపు రెండు రెక్కలూ తెరిచేవాళ్ళు. ఈమె గేటు దాకా నడిచేది, వాళ్ళు పిలిచేవాళ్ళు, "మా ఆయనను అడిగి చెబుతా" అని వచ్చేసేది. నెలన్నరలో పదకొండిళ్ళు చూశాం. పదకొండు చోట్లా నేను కాఫీ తాగాను.

మా స్టోర్‌లోనే ఐదో వాటాలో ఒకామెకు నిజంగా ఇల్లు కావాలి. ఆమె పేరు లలితాంబ. కార్పొరేషన్ స్కూల్లో టీచరు, పదకొండేళ్ళ ఉద్యోగం. భర్త శంకరనారాయణ సెక్రటేరియట్ గుమాస్తా, అక్టోబరులో కర్నూలు పోయాడు. అక్కడ ఇళ్ళు లేక ముగ్గురు మనుషులు ఒక గుడారంలో ఉంటున్నారని ఉత్తరం రాశాడు. ఇక్కడ లలితాంబ, అత్తగారు, ఆరేళ్ళ పాప, మూడేళ్ళ బాబు. యతిరాజులు కొడుక్కు పెళ్ళి కుదిరింది, నవంబరు ఆఖరుకు ఆ వాటా ఖాళీ చెయ్యమన్నాడు. స్కూలుకు నడిచిపోయే దూరంలో ఇల్లు దొరికితే ఉద్యోగం నిలుస్తుంది. లేదంటే రాజీనామా ఇచ్చి పిల్లల్ని తీసుకొని ఆ గుడారానికి పోవాలి.

రోజూ సాయంత్రం స్కూలు వదిలాక గొడుగు పట్టుకొని తిరిగేది. పోయిన చోటల్లా ఒకటే ప్రశ్న. "మగవాళ్ళు ఎక్కడ?" కర్నూల్లో అంటే, "అట్లయితే వద్దమ్మా" అనేవాళ్ళు. వద్దనుకునే పుష్పవల్లికి పట్నమంతా తలుపులు తెరుచుకుంటాయి, కావాలనుకునే ఈమెకు ఒక్కటి తెరుచుకోదు. నేను ఒకసారి పుష్పవల్లితో అన్నాను కూడా.

"మనం చూసిన ఇళ్ళల్లో ఒకటి ఆ టీచరమ్మకు చెప్పరాదా?"

"చెప్తే మాత్రం? మగదిక్కు లేదని ఇయ్యరులే అక్కా. ఊరికే ఆయమ్మకు తిరుగుడు ఎందుకు?"

నేను సరేనన్నాను. సరేననడం సులువు.

నవంబరు మూడో బుధవారం సెంబియం వైపు ఒక ఇంటికి పోయాం. ఇంటాయన పేరు గోపాలయ్య, అచ్చాఫీసులో ముప్పైయేళ్ళు అక్షరాలు కూర్చి రిటైరైన మనిషి. భార్య పంకజమ్మ. వాళ్ళు వెనక సగంలో ఉంటారు, ముందు సగం అద్దెకు. మంచి ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, విడిగా కొళాయి. పంకజమ్మ కాఫీతో పాటు మురుకులు కూడా పెట్టింది. పుష్పవల్లి అలవాటు ప్రకారం గోడలన్నీ తట్టింది.

"పొగ పోయే దోవ చిన్నది. ముప్పై అయితే చెప్పండి."

"నలభై తల్లీ. నలభైకి ఒక్క రూపాయి తగ్గదు."

ఈమె లేచింది. నేను ఆఖరి గుక్క మింగి లేచాను. గేటు దాటాం, వీధిలో పది అడుగులు కూడా వేశాం. వెనక కాలి చప్పుడు. ముసలాయన చెప్పులు కూడా లేకుండా వీధిలోకి వచ్చేశాడు.

"నిలమ్మా, నిలు! ఇద్దరే గదా, రైల్వే గదా. ముప్పయ్యే కానీ. కలకలలాడతా ఒక కాపురం ఉంటే మాకు చాలు."

పుష్పవల్లి మొహం చూడాలి అప్పుడు. చైనాబజారు రోజుల్లో కూడా అంత వెలుగు లేదు. అంగడివాడు మెట్టుదాకా వచ్చేవాడు కాదు, ఈయన వీధిలోకే వచ్చాడు.

"మా ఆయనను అడిగి..." అని మొదలుపెట్టింది.

"ఆయన్ని అడిగేదేంది? చూసేది నువ్వు, వండేది నువ్వు. శుక్రవారం మంచిది, పొద్దున్నే వొచ్చి పాలు పొంగించుకోండి. అడ్వాన్సు ఆ తర్వాతే. ముందు నాకు డబ్బు వద్దు, మాట చాలు. బోర్డు తీసేస్తా ఉండా. ఏమ్మా?"

"సరే" అంది పుష్పవల్లి.

మలుపు తిరిగాక చెయ్యి పట్టుకొని ఆపాను.

"ఏందే ఆ సరే? పాలు పొంగిస్తావా నువ్వు?"

"ఏం చేసేది అక్కా! పెద్దాయన అంత ఆశగా వీధిలోకి వొచ్చి పిలిచినాడే. లేదని ఎట్లా చెప్పేది? రాకపోతే వాళ్ళకే తెలుస్తుందిలే."

వెనక్కి తిరిగి చూశాను. గోపాలయ్య ముక్కాలి పీట ఎక్కి బోర్డు మేకు పీకుతున్నాడు. పంకజమ్మ పీట కదలకుండా పట్టుకొని నిలబడింది. నేను పోయి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

ఆ రాత్రి ఎనిమిదికి లలితాంబ నా గడప మీద వచ్చి కూర్చుంది. ఎప్పుడూ అట్లా కూర్చునే మనిషి కాదు.

"అలమేలుగారూ, సెంబియంలో ఒక ఇల్లు. నిన్న స్కూలు నుంచి వస్తూ బోర్డు చూశాను. ఒక్కదాన్ని పోతే ఏమనుకుంటారో అని ఈరోజు సాయంత్రం అత్తయ్యగారిని తీసుకొని వెళ్ళాను. బోర్డు లేదు. మధ్యాహ్నమే ఎవరికో మాట ఇచ్చేశారట."

ఆమె చెప్పుకుంటూ పోయింది.

"ఆ పంకజమ్మగారు ఎంత బాధపడ్డారో. మగవాళ్ళు లేరని నేనంటే, మగదిక్కుకు మా ఆయన లేడా ఇంట్లో, అన్నారు ఆమె. మా మనవరాలికి చదువు చెబుదువుగాని అన్నారు. నెలన్నర నుంచి తిరుగుతున్నాను, ఒక ఇంట్లో ఆ మాట వినడం ఇదే మొదలు. రెండు గంటలు ముందు పోయి ఉంటే..."

"అయ్యో" అన్నాను. ఆ బోర్డు ఎవరు తీయించారో చెప్పాలంటే మురుకుల సంగతి కూడా చెప్పాలి.

మర్నాడు పొద్దున కొళాయి దగ్గర పుష్పవల్లిని పట్టుకున్నాను. సంగతంతా చెప్పి, ఇప్పుడే పోయి నిజం చెప్పి రమ్మన్నాను.

"పోయి ఏమని చెప్పేది? ఊరికే చూసేదానికి వొచ్చినానని చెప్పాల్నా?"

"ఆమా, అవును, అదే చెప్పు!"

"సిగ్గుగా ఉండదా అక్కా?"

"టీచరమ్మ ఉద్యోగం పోతా ఉంటే నీకు సిగ్గొకటా? బోర్డు తీయించేటప్పుడు ఏమయింది ఈ సిగ్గు?"

"అరవబాక, వింటారు. రేపు పోతాలే. తలకు పోసుకొని పొద్దున్నే పోతా."

రేపు వచ్చింది. పుష్పవల్లి తలకు గుడ్డ కట్టుకొని, నొసటికి శొంఠి పట్టేసుకొని చాప మీద పడుకొని ఉంది. తలనొప్పట. వానల్లో తడిసిందట. ఆ మూడు రోజుల్లో వాన చినుకు పడలేదు. నేను ఒక్కదాన్నే పోయి ఉండాల్సింది. సెంబియం ఎంత దూరం, అరమైలు. తప్పు ఆమెది అయితే నేను పోయి తలవంచుకోవడం ఏమిటి అనుకున్నాను. ఎదుటివాళ్ళ తప్పు ఆరు వాటాలకు చాటడానికి ముందుండే నాకు, ఆ రోజు మాత్రం గడప దాటే కాలు రాలేదు.

శనివారం స్కూలు ఒంటిపూట. ఇంక ఆగలేక లలితాంబతో అన్నాను.

"ఆ సెంబియం ఇంటికి ఇంకొకసారి పోయి అడుగుదాం రా తల్లీ. మాట ఇచ్చినవాళ్ళు రాకపోయి ఉండొచ్చు."

ఆమె కళ్ళల్లో ఆశ చూసి, ఇదంతా ఎట్లాగో చక్కబడిపోతుందని నేనే నమ్మేశాను. ఇద్దరం నడిచాం. గోపాలయ్య గడప ముందు శుక్రవారం వేసిన పెద్ద ముగ్గు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు, ద్వారానికి మామిడాకులు వాడి వేలాడుతున్నాయి. ముగ్గు మీద ఒక ఎద్దుబండి నిలబెట్టి ఇద్దరు మనుషులు టైర్లు దించుతున్నారు. ముందుగది నిండా మోటారు టైర్లు, కిటికీ దాకా పేర్చారు. వీధంతా రబ్బరు కంపు.

గోపాలయ్య అరుగు మీద కూర్చొని ఉన్నాడు. లలితాంబ నమస్కారం పెట్టి అడిగింది.

"ఆలస్యం చేసినావమ్మా. నిన్న పది దాకా చూసినాం. ఎవరూ రాలేదు. పదిన్నరకు ఈ సుందర్‌రాజ్ అనే టైర్ల వ్యాపారి వొచ్చి సరుకు పెట్టుకునేదానికి గోడవును కావాలన్నాడు. ఆరు నెలల అడ్వాన్సు నా చేతిలో పెట్టినాడు. తీసుకున్నా. మనుషుల మాట నమ్మింది చాలు. టైర్లు మాట ఇయ్యవు, తప్పవు."

లోపలినుంచి పంకజమ్మ వచ్చింది. లలితాంబను చూసి చెయ్యి పట్టుకుంది.

"బుధవారం మీరు వొచ్చి పోయినంక నా మనసు మనసులో లేదు తల్లీ. మీ ఇల్లు యాడో కూడా అడగలేదే అని ఏడ్చుకున్నా. నిన్న పొద్దున నేనే పాలు తెచ్చి పెట్టినా, పాపం వాళ్ళకు కొత్తిల్లు గదా అని. ఎండకు విరిగిపొయినాయి."

అప్పుడు గోపాలయ్య నా వైపు తిరిగాడు. కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. ముప్పైయేళ్ళు అక్షరాలు చూసిన కళ్ళు.

"నువ్వు ఆ రైల్వే ఆమెతో వొచ్చి కాఫీ తాగి పోయినదానివి గదూ?"

దాక్కోవడానికి నాకు ఎద్దు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏమయింది ఆమెకు? ఒళ్ళు బాగలేదా? మొగుడు వద్దన్నాడా? ఒక మాట చెప్పి పంపేదానికి ఏమమ్మా?"

లలితాంబ నన్ను చూసింది. రైల్వే ఆమె ఎవరో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. మా ఇద్దరి బుధవారాలు స్టోర్‌లో ఎవరికి తెలియవు? నేను గోపాలయ్యకు ఉన్న నిజం చెప్పేశాను. ఊరికే చూసేదానికి వచ్చామని. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. భార్యతో, "చూసినావా, మన ఇంటిని వేడుక చూసేదానికి వొచ్చినారంట" అని, లేచి లోపలికి పోయాడు.

తిరిగి వస్తున్నంతసేపూ లలితాంబ గొడుగు విప్పలేదు, ఎండలోనే నడిచింది. రైలుగేటు దగ్గర బండి పోయేదాకా నిలబడ్డప్పుడు ఒకే ఒక్క మాట అంది.

"బుధవారం రాత్రి నేను చెప్పిందంతా విన్నారు కదండీ, అలమేలుగారూ."

గేటు తీశారు. ఇద్దరం దాటాం.

ఆ సాయంత్రం నేనే మునిరాజుకు సంగతి చెప్పాను. ఈసారి దాచుకోదలచలేదు, పుష్పవల్లి ఎదురుగానే చెప్పాను. ఆయన చేతులకు ఇంకా ఆకుపచ్చ రంగు ఉంది. గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు. "ఏమీ కొనేది లేదు గదా, మంచిదే అనుకుంటా ఉండినా ఇన్నేళ్ళు" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. పుష్పవల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. తనను చూసి ఎవరైనా ఏడుపు మానమంటారా అని మధ్యలో ఒకసారి తలెత్తి చూసింది కూడా.

నవంబరుకు మిగిలింది తొమ్మిది రోజులు. లలితాంబ మరో ఆరిళ్ళు తిరిగింది. మునిరాజు కూడా సెలవు పెట్టి రెండు రోజులు తిరిగాడు. దొరకలేదు. ఆఖరికి అత్తగారే తేల్చింది. నెల్లూరు మనిషి, డెబ్భై ఏళ్ళు, నడుం వంగింది గానీ నోరు వంగలేదు.

"పదకొండేళ్ళ ఉద్యోగం వదలబాకమ్మాయ్. కాన్పులకు కూడా మానని దానివి. పిల్లల్ని నేను తీసుకుపోతాను. గుడారమైతేనేం, కప్పే గదా. నువ్వు ఒక్కదానివి యాడన్నా తల దాచుకో, వేసవి సెలవులకు రా."

నా వాటాలో కుట్టుమిషను పెట్టుకునే చిన్నగది ఉంది. ఒక మనిషి పడుకోవచ్చు, ఇద్దరికి కాళ్ళు చాపే చోటు లేదు. దానిలో ఉండమన్నాను. లలితాంబ రెండు రోజులు ఆలోచించి, వేరే దారి లేక ఒప్పుకుంది. నా మీద ప్రేమతో వచ్చిందని ఎవరైనా అనుకుంటే నేను వాళ్ళను సరిదిద్దుతాను.

ముప్పయ్యో తారీకు సెంట్రల్లో బండి ఎక్కించడానికి పోయాం. దారిలో బండి మారాలి, ముసలమ్మ, ఇద్దరు పిల్లలు, ఒక ట్రంకుపెట్టె, పరుపుచుట్ట. శంకరనారాయణ ఆఫీసులో పనిచేసే ఒకాయన అదే బండిలో పోతున్నాడు, ఆయనకు అప్పగించాం. లలితాంబ కిటికీ దగ్గర నిలబడి పాపకు మందుల సీసా ఏ సంచిలో ఉందో మూడోసారి చెబుతోంది. అప్పుడు ప్లాట్‌ఫారం మీద జనాన్ని తోసుకుంటూ పుష్పవల్లి వచ్చింది. చేతిలో విస్తరాకులో కట్టిన పులిహోర పొట్లం.

"పిల్లలకు... దారిలో తింటారని" అంది.

లలితాంబ తల తిప్పలేదు. పొట్లం పట్టుకొని ఆమె అట్లాగే నిలబడింది. ముసలమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి ఆ పొట్లం అందుకొని పక్కన పెట్టింది.

"మంచిదే తల్లీ. వండుకొని వొచ్చినావు." తరువాత కిటికీ కమ్మీలకు మొహం ఆనించి, ప్లాట్‌ఫారమంతా వినబడేట్టు అంది. "కర్నూల్లో గుడారాలు చానా ఉండాయంట. మూలమూలకూ ఉండాయంట. చూసేదానికి రాకూడదూ ఒకసారి? నీళ్ళు కూడా నోట్లో పోసుకొని చూద్దువు, ఉప్పగా ఉండాయో తియ్యగా ఉండాయో!"

పక్క కిటికీలో వాళ్ళు నవ్వారు, ఎందుకో తెలియకపోయినా. పుష్పవల్లి నవ్వుకూ ఏడుపుకూ మధ్య మొహం పెట్టింది.

విజిలు వేశారు. బాబు అప్పటిదాకా అమ్మ కూడా ఎక్కుతుందనే అనుకుంటున్నాడు. బండి కదిలాక వాడికి అర్థమయింది. వాడి కేక మూడు పెట్టెలు దాటిపోయేదాకా వినిపించింది. పాప ఏడవలేదు, తమ్ముడి చొక్కా పట్టుకొని కూర్చుంది, వాళ్ళమ్మ చెప్పినట్టే.

లలితాంబ బండి పూర్తిగా పోయేదాకా నిలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకొని పెట్టుకుంది. సంచిలో ఐదో తరగతి లెక్కల నోటుబుక్కులు ఉన్నాయి, పొద్దున స్కూలుకు దిద్ది పట్టుకుపోవాలి.

"పోదాం పదండి, అలమేలుగారూ" అంది.

పుష్పవల్లితో అనలేదు.